న్యూట్రల్‌లో ఘాట్ దిగితే పెట్రోలు మిగులుతుందా?

మొన్న మారేడుమిల్లి నుంచి దిగుతుంటే వెనక సీట్లో పెద్దాయన, "న్యూట్రల్ చేసెయ్ బాబూ, పెట్రోలు కలిసొస్తుంది" అన్నారు. అమలాపురంలో ట్రావెల్స్ కారు తిప్పడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాను. కోనసీమలో పుట్టిన మనకి ఎత్తంటే ఏటిగట్టే, కాలవ గట్ల మీద డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళకి ఆగకుండా కిలోమీటర్లకి కిలోమీటర్లు పల్లానికి దిగడం ఎలా అలవాటవుతుంది?

పెట్రోలు మిగలదండి. ఇప్పటి ఫ్యూయెల్ ఇంజెక్షన్ కార్లలో గేర్లో ఉండి యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే ఇంజన్‌కి పెట్రోలు దాదాపు ఆగిపోతుంది, చక్రాలే దాన్ని తిప్పుతాయి. న్యూట్రల్లో అయితే ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి తాగుతూనే ఉంటుంది. పైగా బరువంతా బ్రేకుల మీదే పడి బ్రేక్ ఆయిల్ మరుగుతుంది, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. కొందరు ఇంజనే ఆపేస్తారు, అప్పుడు స్టీరింగూ బ్రేకూ రెండూ రాయిలా అయిపోతాయి.

మా బావమరిది ఓసారి అలాగే న్యూట్రల్లో దిగాడు. నేను పక్కన కూర్చుని కునుకు తీస్తున్నాను, "బావా, బ్రేకు పడట్లేదు" అన్న కేకకి లేచాను. వాడి చేయి పట్టుకుని మూడు, రెండు గేర్లకి లాగి, కొండవైపు కాలవలోకి చక్రాలు దింపితే ఆగింది. వెనక మా చెల్లి, ఇద్దరు పిల్లలు. ఇప్పటికీ తలచుకుంటే చేతులు చల్లబడతాయి.

ఏ గేర్లో ఎక్కారో ఆ గేర్లోనే దిగండి. ఆటోమేటిక్ అయితే ఎల్ (లో గేర్) గానీ మాన్యువల్ మోడ్ గానీ. కాలిన వాసన వస్తే వెడల్పైన చోట ఆపి, గేర్లో ఉంచి, చక్రానికి రాయి అడ్డం పెట్టి అరగంట వదిలేయండి. కాలిన బ్రేకుల మీద నీళ్ళు మాత్రం పోయొద్దు.

సైలెన్సర్ మునగకపోతే చాలు, నీళ్ళలో వెళ్ళిపోవచ్చన్నది ఇంకో పుకారు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ దర్శనానికనో, కొల్లేరు పక్షుల కోసమనో వెళ్ళేవాళ్ళు, ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికి నీళ్ళెక్కితే వెనక్కి తిరిగి వచ్చేయండి. ఇంజన్ గాలి పీల్చేది ముందు నుంచి. నీళ్ళు పీల్చి ఆగిపోయిందా, మళ్ళీ స్టార్ట్ చేయొద్దు, ఇంజన్ లోపల పిస్టన్‌ని పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది.

ఇరుకు ఘాట్‌లో దిగేవాడే ఆగి ఎక్కేవాడికి దారివ్వాలి, రూలే అది. ఇలాంటిదే ఇంకో మాట, గుంటుపల్లి బౌద్ధ గుహల దాకా కారు పోతుందని ఎవరో చెబితే నమ్మి మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మని తీసుకెళ్ళకండి, మెట్లెక్కాలి.

ఎత్తులో ఆగితే వెనక్కి జారిపోతామని టెన్షన్ పడేవాళ్ళు చాలామంది. హ్యాండ్‌బ్రేక్ వేయండి, క్లచ్ మెల్లగా వదులుతూ కారు ముందుకి లాగుతోందని తెలిశాకే హ్యాండ్‌బ్రేక్ దించండి. వెనకవాడు హారన్ కొడితే కొట్టుకోనివ్వండి.