మ్యాట్రిక్స్ మూడో భాగం: ఒక ఎడిటర్ దృష్టిలో అపోహలు - వాస్తవాలు

యంత్రాలు మనుషుల్ని మ్యాట్రిక్స్ అనే కంప్యూటర్ మాయాలోకంలో బంధించిన సైన్స్ ఫిక్షన్ కథలో మూడో సినిమా 'ది మ్యాట్రిక్స్ రెవల్యూషన్స్' వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా దాని మీద అవే మాటలు వినపడుతున్నాయి. ఎడిటింగ్ నా వృత్తి. చాలాసార్లు ఆపి ఆపి చూసిన సినిమా ఇది. దీనికి వచ్చిన చెడ్డపేరులో సగం న్యాయమే, కానీ తప్పు ఎక్కడుందో చాలామంది సరిగ్గా పట్టుకోలేదు.

అపోహ: రెండో భాగం ఆడింది కదా అని మూడోది హడావుడిగా చుట్టేశారు.

వాస్తవం: రెండూ కలిపే తీశారు. రెండోది 2003 మేలో, మూడోది అదే ఏడాది నవంబరులో విడుదలయ్యాయి. అసలు చిక్కు అక్కడే. ఒకే కథను సగంలో ఆపడంతో మూడో భాగం మొదలయ్యేసరికి హీరో నియో స్పృహ లేకుండా పడి ఉంటాడు. మనసేమో మ్యాట్రిక్స్‌కీ యంత్రాల నగరానికీ మధ్య ఉన్న ఒక రైల్వే స్టేషన్‌లో ఇరుక్కుపోయి ఉంటుంది. ఇంటర్వెల్ తర్వాత సీన్‌గా అయితే బాగా అతుకుతుంది, ఆరు నెలల తర్వాత హాల్లో కూర్చున్నవాడికి మాత్రం కథ కదలనట్టే ఉంటుంది. అయినా ఆ స్టేషన్ సీన్ అంటే నాకు ప్రాణం. మనిషి రూపంలో కనిపించే రామ-కాండ్ర అనే కంప్యూటర్ ప్రోగ్రాం తన కూతురు సతిని కాపాడుకోవడానికి తంటాలు పడుతూ, ప్రేమ అనేది ఒక మాట, దాని వెనకున్న బంధమే ముఖ్యం అంటాడు. యంత్రాలతో చివర్లో కుదిరే శాంతికి విత్తనం అక్కడే పడింది.

అపోహ: గ్రాఫిక్స్ ఎక్కువై, మనుషుల చివరి నగరం జయాన్‌లో జరిగే యుద్ధం విసుగు పుట్టించింది.

వాస్తవం: ఆ గ్రాఫిక్స్‌కి వంక పెట్టలేం. పైకప్పు చీల్చుకుని సెంటినల్స్ అనే వేట యంత్రాలు ఏరులా కిందికి దూకే షాట్లు ఇప్పటికీ బెదరగొడతాయి. విసుగు పుట్టేది మనవాళ్ళు తెర మీద లేకపోవడం వల్ల. రెండు సినిమాలుగా మనం వెంట నడిచిన నియో, అతని ప్రేయసి ట్రినిటీ ఆ యుద్ధంలో లేరు. నియో గురువు మార్ఫియస్ గాల్లో తేలే ఒక ఓడలో, దాన్ని నడిపే నయోబీ పక్కన నిలబడి ఉంటాడు, అంతే. ఎవరి ప్రాణం కోసం భయపడాలో తెలియనప్పుడు ఎంత వేగంగా కట్ చేసినా సీన్ సాగినట్టే ఉంటుంది.

అదే యుద్ధంలో ఒక్క చోట ఊపిరి బిగపట్టి చూస్తాం. జయాన్ తరఫున పోరాడే కెప్టెన్ మిఫూనే ముఖమంతా చీలిపోయి, ఆ ఓడ లోపలికి రావడానికి గేటు తెరవమని కిడ్ అనే కుర్రాడికి చెబుతాడు. శిక్షణ పూర్తి చేయలేదంటాడు కుర్రాడు. నేనూ చేయలేదంటాడు మిఫూనే. వేల యంత్రాల మధ్య రెండు ముఖాలు, రెండు మాటలు. కుర్రాడు వెళ్ళి గేటు తెరిచేదాకా కళ్ళు తిప్పుకోలేం. యుద్ధం మొత్తాన్ని ఈ కుర్రాడి కళ్ళతో నడిపించి ఉంటే ఎంత బాగుండేది!

అపోహ: జోస్యం చెప్పే ఒరాకిల్ పాత్రకు నటిని ఊరికే మార్చేశారు.

వాస్తవం: ముందు ఆ పాత్ర వేసిన గ్లోరియా ఫాస్టర్ 2001లో కన్నుమూశారు. మేరీ ఆలిస్ ఆ పాత్రను అందుకున్నారు. ముఖం ఎందుకు మారిందో కథలోనే చెప్పారు, అది గౌరవంగా చేసిన పని.

అపోహ: హీరో ఓడిపోయాడు కాబట్టి క్లైమాక్స్ తేలిపోయింది.

వాస్తవం: నియో కొట్టడం మానేశాకే గెలుస్తాడు. అందర్నీ తనలా మార్చేసే ప్రోగ్రాం, విలన్ స్మిత్ తనను ఆక్రమించుకుంటుంటే నియో అడ్డుకోడు. అప్పటికే నియో శరీరం యంత్రాల నగరానికి కలిపి ఉంది, ఆ దారినే వెలుగు వచ్చి స్మిత్‌ని చెరిపేస్తుంది. ఆలోచన గొప్పది, కానీ ఈ లంకె మొదటిసారి చూసేవాడికి అందేలా చెప్పలేదు. ఆ ఒక్క లోపం ఉంది. ఆ వానలో జరిగే పోరుకి సంగీత దర్శకుడు డాన్ డేవిస్ వాడిన కోరస్‌ని చెవి పెట్టి వినండి, 'అసతో మా సద్గమయ' అని వినిపిస్తుంది. మృత్యువు నుంచి అమృతానికి నడిపించమనే మంత్రాన్ని చావబోతున్నవాడి వెనక పెట్టారు.

ఈ సినిమా అంతటిలో నాకు నచ్చిన కట్ మాత్రం దీనికి ముందే వస్తుంది. ట్రినిటీ నడిపే ఓడ నల్లమబ్బుల్ని చీల్చుకుని పైకి లేస్తుంది. ఒక్కసారిగా చప్పుడు ఆగిపోతుంది. ఎదురుగా సూర్యుడు. పక్కన నియోకి చూపు లేదు, చూసేది ఆమె ఒక్కతే. కొన్ని క్షణాలే, వెంటనే ఓడ మళ్ళీ చీకట్లోకి పడిపోతుంది. తర్వాత ఆమె చనిపోయే సీన్ మాటలతో బాగా సాగింది. నా టేబుల్ మీదికి వస్తే అందులో సగం మాటలు తీసేసి, ఎండ పడిన ఆ ముఖాన్ని వదిలేసేవాణ్ణి.