బ్యాటరీ విమానం బరువు లెక్క

"కరోనా తర్వాత ప్రయాణాలే మారిపోతాయంటున్నారు కదా, బ్యాటరీ విమానంలో అమెరికా ఎప్పుడు వెళ్తాం?" అని ఒక పాఠకురాలు అడిగారు. ఇప్పుడున్న బ్యాటరీలతో వెళ్లలేం. ఎందుకు వెళ్లలేమో చూస్తే, ఎక్కడిదాకా వెళ్లగలమో కూడా తేలిపోతుంది. నాకు ఎంతో ఇష్టమైన లెక్క ఇది.

కిలో విమాన ఇంధనంలో సుమారు 12,000 వాట్-అవర్ల (కరెంటు బిల్లు లెక్కలో 12 యూనిట్ల) శక్తి ఉంటుంది. మంచి లిథియం-అయాన్ సెల్‌లో కిలోకు 250 నుంచి 300. జెట్ ఇంజన్ చాలా శక్తిని వేడిగా పారబోస్తుంది, ఎలక్ట్రిక్ మోటారు 90 శాతం పైనే వాడుకుంటుంది. ఆ లాభం కలుపుకున్నా ఇరవై రెట్ల దాకా తేడా మిగులుతుంది.

ఇంకో చిక్కు ఉంది. పూర్వం కాలినడకన యాత్రలకు వెళ్లేవాళ్లు సద్దిమూట కట్టుకునేవాళ్లు. తింటున్నకొద్దీ మూట తేలికయ్యేది, నడక సులువయ్యేది. జెట్ విమానం అలాంటి బాటసారి. ఎయిర్‌బస్ కంపెనీ ఏ320 నియో విమానం 79 టన్నుల బరువుతో లేవగలదు, దిగేటప్పుడు మాత్రం 67 టన్నుల చిల్లరే ఉండాలి. దారిలో మూట తరుగుతుందన్న లెక్కతోనే దాన్ని కట్టారు. బ్యాటరీ మూట తరగదు. చివరి ముద్ద తిన్నాక కూడా బయల్దేరినప్పటి బరువంతా భుజం మీదే ఉంటుంది. దూరం వెళ్లాలని ఇంకో మూట ఎత్తుకుంటే, దాన్ని మోయడానికి మరింత తినాలి.

మన బడుల్లో శక్తి సూత్రాలు బట్టీ పట్టిస్తారు గానీ, "కిలోకు ఎంత?" అని అడగడం నేర్పరు. నేర్పి ఉంటే, ప్రాచీన విమానాలు పాదరసంతో ఎగిరేవన్న మెసేజ్‌లు ఇన్ని ఫోన్లు తిరిగేవి కావు. 'వైమానిక శాస్త్రం' అనే పుస్తకంలోని అలాంటి విమాన నమూనాలు ఎగరలేవని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్‌సీ) పరిశోధకులు 1974లోనే తేల్చారు.

ఇప్పుడు మన లెక్క. కిలోకు 250 వాట్-అవర్లంటే, శక్తిని కొలిచే ఇంకో కొలతలో 9 లక్షల జౌళ్లు. విమానం బరువులో 30 శాతం బ్యాటరీ, లిఫ్ట్-డ్రాగ్ నిష్పత్తి (పైకి లేపే బలం, వెనక్కి లాగే గాలి నిరోధానికి ఎన్ని రెట్లో చెప్పేది) 15, మోటారు, ప్రొపెల్లర్ కలిపి సామర్థ్యం 75 శాతం అనుకుందాం. అన్నీ గుణించి గురుత్వ త్వరణం 9.8తో భాగిస్తే సుమారు 310 కిలోమీటర్లు వస్తుంది. చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కేంద్ర ప్రభుత్వ ఉడాన్ పథకం కింద 2017 ఏప్రిల్ 27న మొదలైన తొలి మార్గాల్లో ఒకటైన హైదరాబాద్-కడప దూరం ఆకాశంలో దాదాపు 300. అంటే కడప చేరేసరికి బ్యాటరీ ఖాళీ! అక్కడ వాన పడుతుంటే చక్కర్లు కొట్టడానికి కూడా ఏమీ మిగలదు. అరగంట మిగులు పక్కన పెడితే ఇంకో వంద కిలోమీటర్లు పోతాయి.

అందుకే బ్యాటరీ విమానానికి సరైన చోటు, చిన్న దూరాలు ఎగిరే కెనడా పశ్చిమ తీరం లాంటిది. హార్బర్ ఎయిర్ సంస్థ ఆరు దశాబ్దాల నాటి బీవర్ సీప్లేన్‌కు ఎలక్ట్రిక్ మోటారు బిగించి 2019 డిసెంబరులో ఎగరేసింది. 2022 ఆగస్టులో అదే విమానం వాంకూవర్ ప్రాంతం నుంచి సముద్రం దాటి విక్టోరియా వైపు 72 కిలోమీటర్లు 24 నిమిషాల్లో వెళ్లింది.

ఇక కరోనా సంగతి. 2020లో ప్రపంచంలో విమాన ప్రయాణికులు 60 శాతం తగ్గారు. పెద్ద విమానాలు ఆస్ట్రేలియా ఎడారిలో బారులు తీరి ఆగిపోయాయి. ఆ మే నెలలోనే అమెరికాలోని మోసెస్ లేక్‌లో సెస్నా కారవాన్ అనే చిన్న విమానం ఎలక్ట్రిక్ మోటారుతో అరగంట ఎగిరింది. జూన్‌లో స్లొవేనియా వాళ్ల రెండు సీట్ల వెలిస్ ఎలక్ట్రో విమానానికి ఐరోపా భద్రతా సంస్థ సర్టిఫికెట్ ఇచ్చింది. పూర్తిగా కరెంటుతో నడిచే విమానానికి అలాంటి సర్టిఫికెట్ రావడం అదే మొదటిసారి. గుంపుల భయం, పెద్ద ఎయిర్‌పోర్టులో గంటల టెన్షన్ లేకుండా, చిన్న ఊరి నుంచి చిన్న ఊరికి పదిమందితో వెళ్లే విమానం రావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

2023లో చైనా కంపెనీ సీఏటీఎల్ కిలోకు 500 వాట్-అవర్ల బ్యాటరీని ప్రకటించింది. అది విడి సెల్ లెక్క. మంట పాకకుండా ఆపే పెట్టె, చల్లబరిచే గొట్టాలు, తీగల బరువు కలిశాక 400 మిగిలినా, మన 310 కిలోమీటర్లు దాదాపు 500 అవుతాయి. అప్పుడు అరగంట మిగులు ఉంచుకుని మరీ కడపలో దిగొచ్చు.