ఆండ్రోపోవ్ కిడ్నీలు పాడవకుండా ఉంటే?

1978 సెప్టెంబర్ 19 రాత్రి దక్షిణ రష్యాలోని మినరాల్నియే వోది స్టేషన్‌లో ఒక స్పెషల్ రైలు ఆగింది. బాకూ వెళుతున్న సోవియట్ అధినేత బ్రెజ్నెవ్ కిందికి దిగాడు, వెంట ఆయన నమ్మకస్తుడు చెర్నెన్కో. ప్లాట్‌ఫాం మీద ఎదురుచూస్తున్నది ఇద్దరు. ఒకరు రహస్య పోలీసు సంస్థ కేజీబీ అధిపతి ఆండ్రోపోవ్, ఇంకొకరు ఆ ప్రాంత కమ్యూనిస్టు పార్టీ కార్యదర్శి గోర్బచేవ్. నలుగురూ కాసేపు అటూ ఇటూ నడిచారు. బ్రెజ్నెవ్ గొర్రెల పెంపకం గురించి ఏదో అడిగాడు. మాటలు పెద్దగా సాగలేదు. రైలు కదిలింది.

ఏడేళ్లు తిరక్కముందే వాళ్లలో ముగ్గురు పోయారు, నాలుగోవాడు కుర్చీలో కూర్చున్నాడు. "ఇలా కాకుండా అలా జరిగి ఉంటే" అని చరిత్రను తిరగరాసి చూసుకునేవాళ్లకి ఈ ఏడేళ్లంటే మహా ఇష్టం. అందరూ ముందు వేసే ప్రశ్న ఒకటే: ఆండ్రోపోవ్ ఇంకో పదేళ్లు బతికి ఉంటే సోవియట్ యూనియన్ చైనా దారి, అంటే పార్టీ పట్టు వదలకుండానే మార్కెట్‌కి తలుపులు తెరిచే దారి, పట్టేదా?

అసలు వారసుడి ఎంపిక ఒక మనిషి కిడ్నీల మీద ఆధారపడే స్థితి ఎలా వచ్చిందో ముందు చూడాలి. అధికారం ఒకరి నుంచి ఒకరికి ఎలా మారాలో ఆ పార్టీలో పనికొచ్చే పద్ధతంటూ ఏదీ ఏర్పడలేదు. స్టాలిన్‌ని ప్రధాన కార్యదర్శి పదవి నుంచి తప్పించే మార్గం చూడమని లెనిన్ 1923 జనవరిలో చెప్పి రాయించాడు, ఎవరూ తప్పించలేదు. స్టాలిన్ 1953లో వారసుణ్ణి తేల్చకుండానే పోయాడు, ఆయన రహస్య పోలీసు అధిపతి బెరియాని ఆ ఏడాది చివరికల్లా కాల్చేశారు. 1964 అక్టోబర్‌లో సెలవు మీద ఉన్న క్రుశ్చేవ్‌ని మాస్కోకి పిలిపించి దించేశారు. ఇన్ని చూసినవాళ్లు కాబట్టి బ్రెజ్నెవ్ కాలంలో అందరూ ఒక మాట మీదికి వచ్చారు: ఉన్నవాళ్లని ఎవరూ కదపొద్దు. మొదట్లో అందరికీ ప్రాణం హాయిగానే ఉంది. పద్దెనిమిదేళ్లు గడిచాక చూస్తే పార్టీలో అన్నీ తేల్చే పొలిట్‌బ్యూరో నిండా డెబ్బైకి అటూ ఇటూ ఉన్నవాళ్లే.

ఇక ఖాళీలు రావాలంటే చావులే దిక్కు. వ్యవసాయం చూసే కులకోవ్ 1978 జులైలో అరవై ఏళ్లకే పోయాడు. ఆ ఖాళీలోకే గోర్బచేవ్ నవంబర్‌లో మాస్కో చేరాడు. ప్రధాని కావచ్చని అనుకున్న బెలారస్ నాయకుడు మషేరోవ్ కారు 1980 అక్టోబర్‌లో బంగాళదుంపల లారీని గుద్దుకుంది, ఆయనా పోయాడు. 1982 జనవరిలో పార్టీ సిద్ధాంతాలు చూసే సుస్లోవ్ పోయాడు. ఆ స్థానంలోకి వెళ్లడానికి ఆండ్రోపోవ్ పదిహేనేళ్ల కేజీబీ పదవిని మేలో వదిలాడు. ఆరు నెలలకి బ్రెజ్నెవ్ పోయాడు, ఆ కుర్చీ ఆండ్రోపోవ్‌కి దక్కింది. సుస్లోవ్ ఇంకో ఏడాది బతికి ఉంటే? రహస్య పోలీసు కుర్చీలోంచి నేరుగా పార్టీ కుర్చీలోకి దూకడాన్ని మిగతావాళ్లు ఒప్పుకునేవాళ్లా అన్నది అనుమానమే. కిడ్నీల ప్రశ్న కన్నా నాకు ఇదే అసలు మలుపు అనిపిస్తుంది.

ఆండ్రోపోవ్‌కి దక్కింది పదిహేను నెలలు, అందులోనూ మొదటి మూడు నెలలే ఆరోగ్యం కాస్త సహకరించింది. 1983 ఫిబ్రవరికి కిడ్నీలు పూర్తిగా దెబ్బతిన్నాయి, అక్కణ్ణుంచి డయాలసిస్. జనానికి గుర్తున్నది ఆయన పెట్టిన క్రమశిక్షణ. పని వేళల్లో సినిమా హాళ్లలో, స్నానశాలల్లో పోలీసులు జొరబడి "డ్యూటీలో ఉండాల్సినవాడివి ఇక్కడేం చేస్తున్నావ్" అని నిలదీసేవాళ్లు. ఆ సెప్టెంబర్‌లో కాస్త చవక వోడ్కా ఒకటి వచ్చింది, సీసా 4 రూబుళ్ల 70 కోపెక్‌లు. జనం దానికి ఆయన పేరే పెట్టి "ఆండ్రోపోవ్కా" అన్నారు.

ఇంతమాత్రానికి ఆయన్ని చైనాకి ఆ దారి వేసిన డెంగ్ సియావోపింగ్‌తో పోల్చడం నాకు మింగుడు పడదు. 1956లో బుడాపెస్ట్‌లో సోవియట్ రాయబారి ఆయనే. జనం రహస్య పోలీసుల్ని పట్టుకుని వేలాడదీసిన రోజులు దగ్గరుండి చూసినవాడు. పగ్గం వదిలితే ఏమవుతుందో అన్న భయం అలాంటి మనిషిని వదలదు. రిజ్కోవ్‌ని, లిగచోవ్‌ని పైకి తెచ్చింది ఆయనే, నిజమే. గోర్బచేవ్ మొదటి జట్టు కూడా వీళ్లే. కానీ 1986లో చమురు ధర కుప్పకూలింది, అదే ఏడాది ఏప్రిల్‌లో చెర్నోబిల్ పేలింది. కుర్చీలో ఎవరున్నా ఆ రెండూ తప్పేవి కావు.

1983 డిసెంబర్ నాటి కథ ఒకటుంది. ఆస్పత్రిలో ఉన్న ఆండ్రోపోవ్, తాను లేనప్పుడు సమావేశాలు గోర్బచేవ్ నడపాలని తన ప్రసంగ పాఠానికి ఒక పేరా చేర్చాడనీ, సభ్యులకు పంచిన కాపీలో ఆ పేరా మాయమైందనీ ఆయన సహాయకుడు వోల్స్కీ తర్వాత చెప్పాడు. చెప్పింది వోల్స్కీ ఒక్కడే కాబట్టి ఎంత నమ్మాలో ఎవరిష్టం వాళ్లది. 1984 ఫిబ్రవరిలో ఆండ్రోపోవ్ పోయాక కుర్చీ దక్కింది మాత్రం ఊపిరితిత్తుల జబ్బుతో ఆయాసపడే డెబ్బై రెండేళ్ల చెర్నెన్కోకి. ఆండ్రోపోవ్ అంత్యక్రియల్లో సెల్యూట్ చేయడానికి చెర్నెన్కో చెయ్యి పైకి లేవలేదు. అప్పటి మాస్కో జోకు ఇది: రెడ్ స్క్వేర్‌లో అంత్యక్రియలకి వచ్చినవాణ్ణి కాపలావాడు పాస్ అడిగాడట, "నా దగ్గర సీజన్ టికెట్టే ఉంది" అన్నాడట వాడు.

1985 ఫిబ్రవరి 24న ఎన్నికలు. ఆస్పత్రి గదిని పోలింగ్ కేంద్రంలా అలంకరించి, చెర్నెన్కోని నిలబెట్టి ఓటు వేయించి టీవీలో చూపించారు. పక్కనే మాస్కో పార్టీ అధినేత గ్రిషిన్. తర్వాత నేనే అని దేశానికి తెలియాలనే ఆ నిలబడటం అని చాలామంది అనుకున్నారు.

మార్చి 10 సాయంత్రం చెర్నెన్కో పోయాడు. పొలిట్‌బ్యూరో ఆ రాత్రే కూర్చుంది. ఉక్రెయిన్ నాయకుడు షెర్బిట్స్కీ అమెరికా పర్యటనలో ఉన్నాడు, లెనిన్‌గ్రాడ్ నుంచి వచ్చిన రొమనోవ్ సెలవులో. గ్రిషిన్ నోరు విప్పి తన పేరు చెప్పుకోలేదు. మర్నాడు, 1957 నుంచి విదేశాంగ మంత్రిగా ఉన్న గ్రొమికో లేచి గోర్బచేవ్ పేరు ప్రతిపాదించాడు. ఎవరూ అడ్డు చెప్పలేదు.

గ్రిషిన్ గెలిచి ఉంటే అన్న కథలో నాకు ఆసక్తి కలిగించేది గ్రిషిన్ కాదు. యెల్త్సిన్‌ని స్వెర్ద్లోవ్‌స్క్ నుంచి మాస్కోకి తెచ్చింది గోర్బచేవ్ జట్టు, 1985 వసంతంలో. ఆ డిసెంబర్‌లో మాస్కో పార్టీ కుర్చీలోంచి గ్రిషిన్‌ని లేపి యెల్త్సిన్‌ని కూర్చోబెట్టారు. గ్రిషిన్ అయితే ఆ పని చేసేవాడు కాదు. 1992 మే 25న, యెల్త్సిన్ అధ్యక్షుడిగా ఉన్న రష్యాలో, గ్రిషిన్ తన పెన్షన్ కాగితాల పని మీద మాస్కోలోని ఒక సంక్షేమ కార్యాలయానికి వెళ్లి, అక్కడే గుండె ఆగి చనిపోయాడు.