మెరుపు వస్తే ప్లగ్గు బాగున్నట్టేనా?

విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చేవి ఎక్కువగా పాత స్ప్లెండర్లు, పల్సర్లు, ఎప్పుడైనా ఒక ఆర్‌ఎక్స్ 100. బండి స్టాండ్ వేస్తూనే స్పార్క్ ప్లగ్గు (ఇంజన్‌లో పెట్రోల్‌ను అంటించే నిప్పురవ్వ ఇచ్చేది) గురించి చాలామంది చెప్పే మాట ఒకటే: "ప్లగ్గు తీసి చూశానండీ, మెరుస్తోంది. ఇంకేదో ఉంది."

అపోహ: బయట మెరుపు కనిపిస్తే ప్లగ్గు మంచిదే.

మొన్న ఎండాకాలం పటమట నుంచి ఒక పెద్దాయన పాత వంద సీసీ బండి తెచ్చారు. ఒక్కరే వెళితే బాగానే నడుస్తుంది. వెనక భార్యను ఎక్కించుకుని కనకదుర్గ వారధి మీద యాక్సిలరేటర్ గట్టిగా తిప్పితే మిస్సింగ్, అంటే మధ్యమధ్యలో మంట అంటుకోక ఇంజన్ తడబడుతుంది. ప్లగ్గు బయట పెట్టి కిక్కు కొడితే నీలంగా చక్కగా మెరిసింది. ఆయన నవ్వి, "చెప్పానా అబ్బాయ్!" అన్నారు.

ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచని రేకులు) పెట్టి చూస్తే గ్యాప్, అంటే ప్లగ్గు కొనలో నిప్పురవ్వ దూకే సందు, 1.1 మిల్లీమీటర్లు. పాత బళ్ళకు మామూలుగా 0.6 నుంచి 0.9 లోపు ఉంటుంది, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో చూసుకోండి. నడుమ ఉన్న కడ్డీ అంచులు వాడిన సబ్బుబిళ్లలా గుండ్రంగా అరిగిపోయాయి. బయట గాలిలో ఆ గ్యాప్‌ను దాటడం నిప్పురవ్వకు తేలిక. సిలిండర్‌లో కంప్రెషన్ పెరిగేకొద్దీ అదే గ్యాప్ దాటడానికి ఇంకా ఎక్కువ వోల్టేజ్ కావాలి. లోడ్ పడ్డప్పుడే మిస్ అవడానికి కారణం ఇదే. కొత్త ప్లగ్గు వేసి, మళ్ళీ వారధి మీదికే పంపాను. అసలైన టెస్ట్ అదే. మామూలు ప్లగ్గును పది పన్నెండు వేల కిలోమీటర్లకు మార్చేయడం మేలు.

బయట చూడాల్సి వస్తే ప్లగ్గు ఇనుప ఒళ్ళు ఇంజన్‌కు గట్టిగా తగలాలి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా ఉండాలి. ఆ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది. తగలకుండా గాల్లో వేలాడదీసి కిక్కు కొడితే నిప్పురవ్వకు కరెంటు పంపే కాయిల్‌కో సీడీఐ డబ్బాకో దెబ్బ. అసలు మెరుపే రాకపోతే ప్లగ్గును తిట్టే ముందు క్యాప్ తిప్పి ఊడదీసి, వైరు చివర అర సెంటీమీటరు కోసి మళ్ళీ బిగించి చూడండి. చాలాసార్లు ఖర్చు అక్కడితో సరి.

అపోహ: నల్లబడితే ప్లగ్గు పోయినట్టే.

నలుపు ప్లగ్గు తప్పు కాకపోవచ్చు. పొడి మసి పడితే పెట్రోల్ ఎక్కువ పడుతోందని: చోక్ సగంలో ఉండిపోయింది, లేదా ఎయిర్ ఫిల్టర్ మన ఊరి దుమ్ముతో మూసుకుపోయింది. జిడ్డుగా ఆయిల్ ఉంటే పిస్టన్ రింగులో వాల్వ్ సీళ్ళో చూడాలి (టూ స్ట్రోక్ అయితే ముందు పెట్రోల్‌తో కలిసే ఆయిల్ పాళ్ళు). తెల్లగా కాలినట్టుంటే ఇంజన్ వేడెక్కుతోంది, గాలి ఎక్కడో లాగుతోంది. లేత గోధుమ రంగులో ఉంటే దాన్ని కదపకండి. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఐడ్లింగ్‌లో నిలబడి వచ్చిన బండి ప్లగ్గు చూసి మాత్రం ఏదీ తేల్చకూడదు. హైవే మీద కాసేపు తోలి వచ్చాక చూడాలి.

అపోహ: గరుకు కాగితంతో రుద్దితే కొత్తదైపోతుంది.

దారిలో ఆగిపోతే రుద్దండి, ఇల్లు చేరండి. కానీ అరిగిన అంచు రుద్దితే తిరిగి రాదు. తెల్ల పింగాణీ మీద గీతలు పడితే మసి అక్కడే పట్టుకుంటుంది. ఇనుప బ్రష్ అయితే పింగాణీ మీద లోహపు చారలు వదులుతుంది, కరెంటు ఆ దారిన పోతుంది. గ్యాప్‌కు హ్యాక్సా బ్లేడ్ పెట్టే అలవాటు నాకూ ఉండేది. దాని మందం 0.6 దగ్గర కాబట్టి కొన్ని బళ్ళకు కుదిరేది, మిగతావాటికి తప్పేది.

అపోహ: మర పడితే ఏ ప్లగ్గైనా ఒకటే.

మర పొడవు ఎక్కువైతే పిస్టన్‌కు తగలొచ్చు. నంబర్ ఇంకో తిరకాసు. ఎన్‌జీకే కంపెనీలో అంకె పెరిగితే చల్లని ప్లగ్గు (వేడిని త్వరగా వదిలేది), బాష్‌లో పెరిగితే వేడి ప్లగ్గు (వేడిని నిలుపుకునేది). అంకె ఒకటే కదా అని ఒక కంపెనీ బదులు ఇంకోటి వేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇరీడియం ప్లగ్గు వేస్తే మైలేజ్ పెరుగుతుందా? ఎక్కువ కాలం వస్తుంది, అంతే. పల్సర్ డీటీఎస్-ఐ వాళ్ళకు ఒక మాట: మీ ఇంజన్ హెడ్డుకు (సిలిండర్ పైమూతకు) ప్లగ్గులు రెండు. కనిపించేది ఒక్కటే మార్చి రెండోదాన్ని ఏళ్ళ తరబడి మర్చిపోతున్నారు.

అపోహ: మునిగిన బండికి ప్లగ్గు తుడిస్తే చాలు.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచాక ఇలాంటి బళ్ళు చాలా చూశాను. లోపల నీళ్ళుండగా సెల్ఫ్ నొక్కితే కనెక్టింగ్ రాడ్ వంగిపోవచ్చు, నీళ్ళు గాలిలా అణగవు కదా. ప్లగ్గు తీసి, ఇగ్నిషన్ ఆపి, మెల్లగా కిక్కు తొక్కితే నీళ్ళు బయటికి చిమ్ముతాయి. ఆయిల్ కూడా మార్చాలి.

అపోహ: ఎంత బిగిస్తే అంత మంచిది.

హెడ్డు అల్యూమినియం, ఎక్కువ బిగిస్తే మర పోతుంది. వేడి మీద విప్పితే ప్లగ్గుతో పాటు మర కూడా ఊడొస్తుంది. చల్లారనివ్వండి. కొత్త ప్లగ్గును చేత్తోనే చివరిదాకా తిప్పండి, చేత్తో తిరగకపోతే మర అడ్డంగా పట్టినట్టే, వెనక్కి తీయండి. ఆ తరువాత స్పానర్‌తో సుమారు అర చుట్టు. వాడిన ప్లగ్గైతే వాషర్ అప్పటికే నలిగి ఉంటుంది, కొంచెం బిగుతు చాలు. మా షెడ్డులో బల్ల కింద డబ్బాలో మర పోయిన హెడ్డులు మూడున్నాయి. మూడూ ఇంట్లో బిగించినవే.