చేపల పులుసును కాటా మీద పెడితే

పోయిన ఏడాది వారం రోజులు నేను అన్నం జోలికి పోలేదు. దోసకాయ ముక్కలు, మజ్జిగ, ఆకలి దంచేస్తే ఒక అరటిపండు. ఎనిమిదో రోజు కాటా ఎక్కితే రెండున్నర కిలోలు తగ్గాను. ఆ సంబరంలో కావలిలో ఒక పెళ్ళికి వెళ్ళి రెండు పూటలా ఆకు నిండా వడ్డించుకుని తిన్నాను. నెల్లూరొచ్చి మళ్ళీ కాటా ఎక్కితే రెండు కిలోలు తిరిగొచ్చేశాయి.

ఎంత పెళ్ళి భోజనమైనా రెండు పూటల్లో రెండు కిలోల కొవ్వు పెట్టలేదు. కిలో కొవ్వు పోగవ్వాలంటే ఒంటికి కావలసినదాని మీద సుమారు 7,700 కేలరీలు అదనంగా తినాలి. అంటే నాలో తగ్గిందీ పెరిగిందీ చాలావరకు నీళ్ళే. కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ అనే పిండిపదార్థం నిల్వ ఉంటుంది. అది గ్రాముకు మూడు గ్రాముల దాకా నీటిని తనతో పట్టి ఉంచుకుంటుంది. అన్నం మానేస్తే ముందు ఖర్చయ్యేది ఆ నిల్వే. దాంతోపాటు నీరూ పోతుంది. మళ్ళీ అన్నం తింటే రెండూ వచ్చి చేరతాయి. ‘వారంలో 5 కిలోలు’ అని గోడల మీద కనబడే ప్రకటనలకు బలం ఎక్కువగా ఈ నీళ్ళే.

మరి నిజంగా కొవ్వు తగ్గినప్పుడు అది ఎక్కడికి పోతుంది? వీఆర్సీ గ్రౌండులో పొద్దున నాతో నడిచేవాళ్ళను అడిగాను. ఒకరు చెమటన్నారు, ఒకరు వేడన్నారు, ఒకాయన ఇంకో దారి చెప్పాడు, అది ఇక్కడ రాయలేను. 2014లో ఆస్ట్రేలియాకు చెందిన రూబెన్ మీర్మన్, ఆండ్రూ బ్రౌన్ ఈ లెక్క కట్టి చూపించారు. 10 కిలోల కొవ్వు ఒంట్లో పూర్తిగా ఖర్చయితే 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడుగా ఊపిరితిత్తుల గుండా బయటికి పోతాయి. మిగతా 1.6 కిలోలు నీరవుతాయి. అంటే కొవ్వులో ఎక్కువ భాగం మనం వదిలే ఊపిరిలోనే పోతుంది. అలాగని గబగబా ఊపిరి వదిలితే ఒరిగేదేమీ లేదు, కళ్ళు తిరుగుతాయి. ఒంటికి ఇంధనం అవసరమై కొవ్వును బయటికి తీస్తేనే ఆ ఊపిరిలో కొవ్వు ఉంటుంది.

కాబట్టి ఖర్చుకన్నా తక్కువ తినాలి. ఈ మాట అందరూ చెప్తారు. ఆకలి వేస్తుంటే తక్కువ తినడం ఎట్లా అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. కేలరీ ఎంత అన్నదానితో పాటు ఎలాంటిది అన్నది కూడా పట్టించుకోవాల్సింది అక్కడే.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో కెవిన్ హాల్ బృందం 2019లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించింది. 20 మందిని నెలపాటు ఆసుపత్రిలోనే ఉంచి, రెండు వారాలు ఫ్యాక్టరీల్లో బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి పెట్టారు. వాళ్ళ ముందు పెట్టిన భోజనాల్లో కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు రెండు రకాల్లోనూ సమానంగా ఉండేట్టు చూశారు. ఎంత తినాలో మాత్రం వాళ్ళ ఇష్టానికే వదిలేశారు. ప్రాసెస్డ్ తిండి తిన్న రోజుల్లో వాళ్ళు రోజుకు దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, 0.9 కిలో పెరిగారు. వండిన తిండితో అంతే తగ్గారు. తగ్గండని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. మెత్తటి తిండి గబగబా లోపలికి పోతుంది, కడుపు నిండిన కబురు మెదడుకు చేరేలోపే ప్యాకెట్ ఖాళీ అవుతుంది.

ఇది చదివాక నేను వంటింటికి ఒక డిజిటల్ కాటా కొన్నాను. మొదటి ఆదివారమే చేపల పులుసు. కంచంలో పెట్టుకున్న అన్నం తూస్తే 420 గ్రాములు. సుమారు 550 కేలరీలు, 11 గ్రాముల ప్రోటీన్. రెండు ముక్కల చేప 110 గ్రాములు, అందులో 115 కేలరీలు, 20 గ్రాముల ప్రోటీన్. అమ్మ పులుసులో పోసిన నూనె 120 మిల్లీలీటర్లు. నలుగురికి పంచితే తలా 30, అంటే ఇంకో 250 కేలరీలు. మొత్తం కంచంలో అన్నిటికన్నా తక్కువ కేలరీలున్నది చేపే! పులుసు తింటే లావవుతామని భయపడేవాళ్ళు చేపను మానేసి చారుతో అంతే అన్నం తినడం మన ఇళ్ళల్లో రోజూ చూస్తాం.

“ఏందిరా, అన్నాన్ని బంగారం మాదిరి తూస్తన్నావే” అంది అమ్మ.

ప్రోటీన్‌కు ఇంకో గుణం ఉంది. దాన్ని అరిగించుకోవడానికే ఒంటికి బాగా ఖర్చవుతుంది. ప్రోటీన్‌గా 100 కేలరీలు తింటే 20 నుంచి 30 కేలరీలు ఆ పనికే పోతాయి. పిండిపదార్థాలకు 5 నుంచి 10, కొవ్వుకు 3కు మించదు. పైగా ప్రోటీన్ ఆకలిని ఎక్కువసేపు ఆపుతుంది.

ఇప్పుడు మా ఆదివారం కంచం ఇలా ఉంటోంది: అన్నం 250 గ్రాములు, చేప మూడు ముక్కలు, పులుసులో నూనె సగం, పక్కన గిన్నెడు గోరుచిక్కుడు కూర. మొత్తం 700 కేలరీలకు కాస్త అటూఇటూ. ఇంతకుముందు కన్నా 200 తక్కువ, ప్రోటీన్ ఎక్కువ, తిన్న రెండు గంటలకే మళ్ళీ వంటింట్లో డబ్బాలు వెతుక్కునే పని లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలూ ఇదే చెప్తాయి: ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు 45 శాతం దాటకూడదు, కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలి. షుగర్‌కు మందులు వాడేవాళ్ళు మాత్రం అన్నం ఒక్కసారిగా తగ్గించేముందు డాక్టరుతో మాట్లాడాలి, మందు మోతాదు మార్చాల్సి రావచ్చు.

కనిగిరి, పొదిలి వైపు చుట్టాలు “కొర్రలు తినరాదా, సన్నబడతావు” అంటారు. కొర్రల్లో పీచు ఎక్కువే. కానీ పచ్చి గింజ 100 గ్రాముల్లో కేలరీలు బియ్యానికి దగ్గరదగ్గరగానే ఉంటాయి. కొర్రన్నం గుట్టగా పెట్టుకుంటే అదీ గుట్టే.

నడక విషయంలో నాకు కొంచెం కోపం ఉంది, అదీ నా మీదే. అరగంట చురుగ్గా నడిస్తే 70 కిలోల మనిషికి ఖర్చయ్యేది 150 కేలరీల లోపే. ఆ తర్వాత మేమంతా కలిసి తినే నెయ్యి కారం దోశ ఒక్కటే సుమారు 300 ఉంటుంది. రెండేళ్ళు నడిచి నేను బరువు పెరిగింది ఇందుకే. అయినా నడక మానలేదు. గుండెకు, షుగర్‌కు, నిద్రకు అది చేసే మేలు కాటాలో కనబడేది కాదు. తిండి మాత్రమే తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. దాన్ని నిలబెట్టేది బరువులెత్తే వ్యాయామం. నేను జిమ్‌కు పోలేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడకు ఆనుకుని దండీలు, ఐదు కిలోల బియ్యం సంచి ఎత్తి దించడం, వారానికి మూడు రోజులు.

కండ గురించి మనవాళ్ళు మరీ పట్టించుకోవాలి. 2004లో పుణె డాక్టర్ యాజ్ఞిక్ తన ఫోటో, లండన్‌కు చెందిన డాక్టర్ యుడ్కిన్ ఫోటో పక్కపక్కన పెట్టి ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క, ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2. చూడటానికి బక్కగా ఉన్నా లోపల కొవ్వు ఉండటం మనకు మామూలే. అందుకే కాటాతో పాటు దర్జీ టేపు కూడా ఉంచుకున్నాను. నడుము మగవాళ్ళకు 90, ఆడవాళ్ళకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని మన డాక్టర్లు చెప్పే లెక్క. నాది 98 నుంచి 93కు వచ్చింది, ఏడు నెలల్లో.

ఇంట్లో ఇప్పుడొచ్చిన చిక్కల్లా మర్నాటి సంగతి. పులుసు అసలు రుచి మర్నాడు పొద్దున సద్దన్నంలోకే. ఇదివరకు రెండు మూడు ముక్కలు మిగిలేవి. ఇప్పుడు ముక్కలన్నీ రాత్రే అయిపోతున్నాయి, అన్నం మిగులుతోంది. ఈ ఆదివారం ఇంకో అరకిలో చేప ఎక్కువ తెమ్మంది అమ్మ.