ప్రొద్దుటూరు నగకు పనివాడి పేరు ఎందుకు లేదు?

ప్రొద్దుటూరుకు రెండో ముంబై అని పేరు. కడప జిల్లాలో పెళ్లి కుదిరితే బంగారానికి ముందుగా గుర్తొచ్చేది ఈ ఊరే. కాసులపేరు, వంకీ, వడ్డాణం వంటివి చేయగల చేతులు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. అయినా ఆ చేతుల్లో ఒక్కటీ డిజైనర్‌గా ఎందుకు గుర్తింపు పొందలేదు? ఇది ప్రతిభకు సంబంధించిన సమస్య కాదు, దీని వెనుక అరవై ఏళ్ల చరిత్ర ఉంది.

బహుమతులు అందుకునే ఆభరణ డిజైనర్ జీవితం ఎలా సాగుతుందో ముందు చూద్దాం. 1967లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో ఖైస్ బాకర్, ఎమ్మీ వాన్ లీర్సుమ్ దంపతులు అల్యూమినియంతో చేసిన పెద్ద పెద్ద మెడపట్టీలను ప్రదర్శించారు. మ్యూనిక్‌లో 1973 నుంచి హెర్బర్ట్ హాఫ్‌మన్ పేరిట ఆభరణ కళాకారులకు బహుమతి ఇస్తున్నారు. స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఓట్టో క్యూంజ్లి 1980లో నల్ల రబ్బరు గొట్టంతో ఒక గాజు చేసి, లోపల బంగారు గుండు దాచారు. బయటికి చిన్న ఉబ్బు మాత్రమే కనిపిస్తుంది. 'బంగారం గుడ్డివాళ్లను చేస్తుంది' అని దానికి పేరు పెట్టారు. తర్వాత మ్యూనిక్ కళా అకాడమీలో ఆచార్యులయ్యారు. ప్రదర్శన, బహుమతి, బోధన అన్నీ చేసినవారి పేరు మీదే నడిచాయి. నగ విలువను తూకమొక్కటే నిర్ణయించలేదు.

అక్కడ అల్యూమినియం కళ అవుతున్న ఆ దశాబ్దంలోనే ఇక్కడ 22 క్యారెట్ల నగ చేయడం నేరమైంది. చైనా యుద్ధం తర్వాత, మొరార్జీ దేశాయ్ ఆర్థిక మంత్రిగా ఉండగా, 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 14 క్యారెట్లకు మించిన కొత్త నగలు చేయకూడదన్నారు. 14 క్యారెట్లంటే బంగారం 58.5 శాతమే. రాగి, వెండి పాలు పెరిగిన ఆ లోహం మేలిమిలా మెత్తగా వంగదు, కొనేవారికి నచ్చదు. దేశమంతటా స్వర్ణకారులు రోడ్డున పడ్డారు, ఆత్మహత్యలూ జరిగాయి. 1966లో ఆ పరిమితి తీసేసినా, 1968 చట్టం లైసెన్సులు, లెక్కల పుస్తకాలతో కంసాలి కుంపటిని 1990 దాకా వదల్లేదు. ఒక వృత్తిని ఇరవై ఏడేళ్లు అనుమానంతో చూస్తే అందులో ప్రయోగానికి ధైర్యం ఎవరికుంటుంది?

ఆ తర్వాత షోరూములు వచ్చాయి. కంప్యూటర్‌లో గీసిన నమూనాను మైనంతో తీసి, అచ్చు కట్టి, కరిగిన బంగారం పోస్తే ఒకే రకం కమ్మలు వందలుగా వస్తాయి. కమ్మచ్చు అనే రంధ్రాల పలకలో తీగ లాగి, వెలిగారం అద్ది, ఊదుగొట్టంతో మంటను సూదిమొనంత చేసి టంకం పెట్టే మనిషికి దక్కేది మజూరీ మాత్రమే. బిల్లులో కూడా తరుగు, మజూరీ అంకెలే ఉంటాయి.

2021 జూన్ 16 నుంచి దశలవారీగా హాల్‌మార్క్ తప్పనిసరి అయింది. కొనేవారికి అది నిజంగా మేలే. ఉంగరం లోపలి అంచును భూతద్దంతో చూడండి: భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు, 22కె916 అనే స్వచ్ఛత, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే సంకేతం. ఆ సంకేతాన్ని ఫోనులో కొడితే దుకాణం నమోదు, పరీక్షా కేంద్రం వివరాలు వస్తాయి. చేసినవారి ఊసే ఉండదు.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో స్వర్ణకారులూ ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి రుణం ఇస్తారు. కావలసిన సాయమే, కాదనను. కానీ నమూనా మీద హక్కు ఇచ్చేది డిజైన్ల చట్టం, 2000. నమోదు చేయిస్తే పదేళ్లు, పొడిగిస్తే మరో ఐదేళ్లు రక్షణ. అయితే ఒకరి కోసం ప్రతిఫలం తీసుకుని చేసిన నమూనాకు, ఆ చట్టం ప్రకారం యజమాని చేయించుకున్నవారే. దుకాణం ఆర్డరు మీద బతికే కంసాలి కొత్త నమూనా సృష్టించినా, వేరే ఒప్పందం రాసుకోకపోతే అది దుకాణానిదే అవుతుంది. ప్రొద్దుటూరు వర్తకులు, స్వర్ణకారులు కూర్చుని మార్చుకోగలిగింది ఆ ఒప్పందాన్నే. బిల్లు మీద మజూరీ పక్కన పనివాడి పేరు రాయడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.