నిప్పు అందకపోతే చచ్చిపోయే అడవి

అడవికి నిప్పంటుకుంటే ఆర్పాలి, ఇందులో రెండో మాట ఉండదనుకుంటాం. అమెరికా ఆగ్నేయ తీరంలోని చిత్తడి పైన్ అడవుల్ని మాత్రం ఆ ఆర్పడమే చాలావరకు దెబ్బతీసింది.

అక్కడి నేల పల్లం, ఇసుక. చాలాచోట్ల ఇసుక అడుగున గట్టి పొర ఉంటుంది, అందుకని వాన నీరు త్వరగా ఇంకదు. నెలల తరబడి నేలంతా చిత్తడిగా ఉంటుంది. మట్టిలో ఆమ్లగుణం ఎక్కువ, నత్రజని బాగా తక్కువ. అలాంటి చోట బతకాలంటే పురుగుల్ని పట్టుకు తినడం ఒక దారి. వీనస్ ఫ్లైట్రాప్ అనే చిన్న మొక్క చేసేది అదే. ప్రపంచం మొత్తమ్మీద అది సహజంగా పెరిగేది నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్ చుట్టుపక్కల, పక్కనే ఉన్న సౌత్ కరోలినా తీరంలో కొంచెం, అంతే. ఆకు లోపలి సన్నటి వెంట్రుకల్ని పురుగు 20 సెకన్లలోపు రెండుసార్లు తాకితేనే ఆకు మూసుకుంటుంది. చినుకు పడ్డప్పుడల్లా మూసుకుంటే ఆ మొక్కకి గిట్టుబాటు కాదు మరి!

ఈ మొక్క నేలబారుగా ఉంటుంది, ఎండ బాగా తగలాలి. రెండు మూడేళ్లకోసారి మంట రాకపోతే పొదలు పెరిగి నీడ కమ్మేస్తాయి, ఫ్లైట్రాప్ పోతుంది.

మంటకి అన్నిటికన్నా బాగా అలవాటుపడింది లాంగ్‌లీఫ్ పైన్. మొలకెత్తాక కొన్నేళ్లపాటు అది చెట్టులా కనిపించదు, అచ్చం గడ్డి దుబ్బే. ఆ కాలమంతా వేరు లోతుకి దింపుకుంటుంది. మంట వస్తే చుట్టూ ఉన్న పొడవాటి ఆకులు కాలిపోతాయి గానీ నడిమి మొగ్గ బతికిపోతుంది. వేరు బలపడ్డాక ఒక్కసారిగా పైకి లేస్తుంది. పెద్దయ్యాక తాను రాల్చే జిగురు ఆకులే తర్వాతి మంటకి మేత. తనకి పోటీ వచ్చే చెట్లని ఇది నిప్పుతోనే తీసేస్తుంది! ఇంత తెలివైన ఏర్పాటు నాకు మరే చెట్టులోనూ కనపడలేదు.

ఒకప్పుడు వర్జీనియా నుంచి టెక్సస్ దాకా సుమారు 9 కోట్ల ఎకరాల్లో ఉన్న ఈ అడవి, కలప నరికివేత, సాగు, మంటల నిషేధం కలిసి ఇరవయ్యో శతాబ్దం చివరికి 5 శాతం కూడా మిగల్లేదు. ఇప్పుడు అటవీ సిబ్బంది గాలి వాటం, తేమ చూసుకుని కావాలనే తగలబెడుతున్నారు. కొత్త ఇళ్లు, హైవేలు దగ్గరికొచ్చేకొద్దీ పొగ టెన్షన్‌తో ఆ పని కష్టమవుతోంది.

నార్త్ కరోలినా నగరాలు రాలీ, షార్లెట్‌లలో మనవాళ్లు చాలామందే ఉన్నారు. మే నెలాఖరులో ఫ్లైట్రాప్ పూస్తుంది, అదే రాష్ట్రంలోని గ్రీన్ స్వాంప్ అనే చిత్తడి అడవికి వెళ్లి చూడండి. ఆకుని వేలితో కదిలించొద్దు, ఊరికే మూసుకుంటే మొక్కకి నష్టం. తవ్వి తెచ్చుకోవద్దు, ఆ ప్రాంతంలో 2014 చివరి నుంచి ఫ్లైట్రాప్ దొంగతనం తీవ్ర నేరం.